గాజు పెట్టెలో బూట్లు

నవంబరు 4, మంగళవారం
మ్యూజియంలో ఆ బూట్లు ఈ రోజు కూడా నేనే తుడిచాను. గాజు పెట్టె తెరిచి, గుడ్డతో, మడమ దగ్గర్నుంచి. నన్ను ఫైనల్ ఆడనివ్వని బూట్లు. కుర్రతనంలో, ఫుట్‌బాల్ సెమీస్‌లో లక్ష్మీపూర్ మీద రెండు గోల్సూ నావే. వాన... ఒట్టి పాదాలు, పేలికలు చుట్టుకుని. కొరాపుట్‌లో ఫైనల్‌కి బూట్లు ఉండాలన్నారు. నాకు లేవు. జగన్నాథానికి ఉన్నాయి, ఇవే — బట్టల కొట్టువాళ్ళబ్బాయి. నా జెర్సీ విప్పి వాడికిచ్చాను. నీళ్ళ బకెట్ మోశాను.
వాడి గోలుతోనే మా రాయగడ గెలిచింది. బాగానే కొట్టాడు. అది వేరే మాట.

నవంబరు 6, గురువారం
మెడలో వాలంటీర్ కార్డు. మునిసిపాలిటీలో మైదానం ఊడ్చి, సున్నం గీతలు గీసి రిటైరయ్యాను. మ్యూజియంలోనూ చీపురే. ఎవరూ పిలవలేదు. నన్ను ఎక్కడ పెడతారో చూద్దామని నేనే వచ్చాను. ఎక్కడా పెట్టలేదు. జట్టు ఫొటో కింద ఒడియాలో పదకొండు పేర్లు. కూడబలుక్కుని రెండుసార్లు చదివాను. అప్పన్న లేడు, నేను లేను.
మ్యూజియం కమిటీ ప్రెసిడెంట్ ఎవరు? జగన్నాథం.

నవంబరు 7, శుక్రవారం
నా పేరెందుకు లేదని, ఇక్కడ అన్నీ చూసుకునే సుజాత మేడమ్‌ని అడిగాను. నన్ను ఒడియాలో మౌసా అంటుంది, బాబాయి అన్నట్టు.
"సర్టిఫికెట్ ఏదైనా ఉందా మౌసా? పేపర్ కటింగ్?"
"నా పాదాలు సూడమ్మా."
నవ్వింది. నేను నవ్వలేదు.

నవంబరు 9, ఆదివారం
మోకాలు నొప్పి. వెళ్ళలేదు.

నవంబరు 11, మంగళవారం
వచ్చే ఆదివారం ఫుట్‌బాల్ గది ప్రారంభం. స్వాగతం పాటకని బడి ఆడపిల్లలు వచ్చారు. ఒకతి బూట్ల ముందు ఆగింది.
"తాతా, ఇవి నీవా?"
"కాదమ్మీ. నేను ఒట్టి కాళ్ళతో ఆడేను."
"మరి గోడ మీద నీ పేరు లేదేటి?"
పక్కదాని చెవిలో అంటోంది — "తాత కోతలు కోస్తన్నాడే." నాకు వినపడదనుకుంది.

నవంబరు 12, బుధవారం
జట్టు ఫొటో వెనక అట్టకి చెద. మార్చమంది మేడమ్. మేకులు ఊడదీశాను. ఫొటో కుడి అంచు వెనక్కి మడిచి ఉంది, రెండు వేళ్ళ వెడల్పు. విప్పాను.
నేను. బనీనుతో. చేతిలో బకెట్.
కూర్చుండిపోయాను. మేడమ్ వచ్చి చూసింది. ఫొటోలో మొహాన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది.
"మౌసా, బకెట్ పట్టుకున్నవాళ్ళ పేర్లు ఫొటో కింది కార్డు మీద రాయరు. ఆడారని జట్టులో ఒకరైనా చెప్పాలి."
ఆ పదకొండు మందిలో బతికి మిగిలింది ఒక్కడే, జగన్నాథం. ఈ ఫ్రేము వచ్చింది కూడా వాడింటి నుంచే.

నవంబరు 13, గురువారం
జగన్నాథం కొట్టుకి వెళ్ళాను.
"రారా అప్పన్నా, టీ తాగుతావేటి?"
వద్దన్నాను. మడత సంగతి అడిగాను. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.
"ఫ్రేము సిన్నదైపోయిందిరా."
"ఎడమ పక్క మడవొచ్చు కదా. అటు ఉత్త గోలుపోస్టే ఉంది."
చీరలు చూస్తున్న ఆడవాళ్ళు తలలు తిప్పారు. వాడు గొంతు తగ్గించి —
"ముసలోళ్ళమైపోయేం. ఇప్పుడేటి సెయ్యమంటావు?"
"సెమీస్ ఎవడాడేడో సెప్పు."
"ఆదివారం అవనీ, సూద్దాం."
ఇన్నేళ్ళూ చూసిందే చాలు.

నవంబరు 14, శుక్రవారం
పొద్దున్నే ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. వాళ్ళావిడ ఎత్తింది — "పూజలో ఉన్నారు అన్నయ్యా." సరేనమ్మా, మాట ఒకటి చెప్పు అన్నాను. అక్షరం పొల్లుపోకుండా చెప్పమన్నాను.
రేపు శనివారం, సాయంత్రం అయిదు. ఎల్లుండి గది తెరిస్తే ఆ పదకొండు పేర్లే నిలిచిపోతాయి. ఈలోపు జగన్నాథం మ్యూజియానికి రావాలి. మేడమ్ ముందు నిలబడాలి. లక్ష్మీపూర్ మీద ఆ రెండు గోల్స్ ఎవడు కొట్టాడో తన నోటితో చెప్పాలి. సర్దిచెప్పే మాటలు అక్కర్లేదు. పేరు చెప్తాడా, చెప్పడా? రేపు అయిదుకి నాకు తెలియాలి.