పొడుగామె మీద కేసు

ప్రియమైన చిట్టికి,

అక్క ఆశీర్వదించి రాయించేది. చేతిరాత మారిందని కంగారుపడకు. ఇది మన వీధి చివర మందుల షాపాయన రాస్తున్నాడు. ఎప్పుడూ నా ఉత్తరాలు రాసే పొడుగామె చేత దీన్ని రాయించలేను, ఎందుకంటే ఇది ఆమె సంగతే.

తల్లులు నా దగ్గర దించే పిల్లల్ని చూసుకోవడానికి సాయంగా ఈమెను పెట్టుకున్నానని చెప్పాను కదా. పనిలో వంక పెట్టడానికి లేదు. నా చేత్తో పెడితే ముఖం తిప్పుకునే బొండాంగాడు ఆమె ఒళ్లో కూర్చుంటే గిన్నె నాకేస్తాడు. మన ఏడుపుగొట్టు పిల్ల ఆమె భుజం మీద పడితే చాలు, నోరు మూస్తుంది. అలాంటి మనిషిని అనుమానిస్తున్నావా అంటావేమో, విను.

మొన్న ఆమె సంచి జారిపడి మగపిల్లాడి చొక్కా ఒకటి బయటపడింది. మన దగ్గరికొచ్చే పిల్లలెవరిదీ కాదు. ఎవరిదమ్మా అంటే "ఎవరిదో" అంది. ఎవరిదో అయితే నీ సంచిలోకి నడిచొచ్చిందా? వీధిలో పోలీసు జీపు కనబడితే, పిల్లలకు దుమ్ము అంటూ తలుపేసి తను వెనకగదిలోకి పోతుంది. ఇవన్నీ నా భ్రమ అనుకుని ఊరుకునేదాన్నే. కానీ నిన్న మన దగ్గరికొచ్చే కవలల తల్లి నన్ను పక్కకు పిలిచి, "ఈమెది మా పుట్టింటివాళ్లు ఉండే ఊరే. అక్కడ ఏదో పిల్లాడి గొడవలో పోలీసులు పట్టుకెళ్లారని విన్నాను" అంది. ఆ ఊరు నువ్వు ఉద్యోగం చేస్తున్న ఊరే.

తల్లులు పొద్దున్నే పిల్లల్ని నా గుమ్మంలో దించి వెనక్కి చూడకుండా పనికి పోతారంటే అది నా ముఖం చూసి. ఈ మాట నలుగురికీ పాకితే నా ఇంట్లో ఊయలలు ఖాళీ. నిజమే అయితే ఖాళీ కావడమే మంచిది. అది నిజమో కాదో నువ్వే తేల్చాలి. మనింట్లో నాలుగక్షరాలు వచ్చింది నీకొక్కదానికే.

(ఇది రాస్తున్నవాడి మాట: మీ అక్కయ్య ఇంతకన్నా ఘాటుగానే చెప్పింది. నేను కాస్త చల్లార్చి రాశాను.)

నీ అక్క

❖

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం చదివి ఆరోజే వాకబు మొదలుపెట్టాను. జవాబు మందుల షాపు చిరునామాకే పంపుతున్నాను. దయచేసి దీన్ని ఆమె కంట పడనివ్వకు.

మా ఆఫీసు పక్కనే ఉండే వకీలుగారి గుమస్తాను అడిగాను. ఆయన చెప్పింది ఇది. ఎవరినైనా అరెస్టు చేస్తే ఆ సంగతి స్టేషన్‌లో నమోదవుతుంది. ఆ మనిషిని ఏ కోర్టు ముందు నిలబెట్టారో ఆ కోర్టులో కేసుకు ఒక నంబరు పడుతుంది. ముగిసిన కేసుల కట్టలు కోర్టు రికార్డు గదికి చేరతాయి. కొన్ని రకాల కేసులు తప్పించి మిగతావాటికి ఎవరైనా కారణం రాసి, అర్జీ పెట్టుకుని నకలు అడగవచ్చట. నేను ఇన్నాళ్లూ కోర్టు కాగితాలంటే కోర్టువాళ్లే చూసేవనుకున్నాను.

అయితే వట్టి పేరుతో పని జరగదు. ఒకే పేరున్నవాళ్లు ఊరికి పదిమంది ఉంటారు. ఆమె పూర్తి పేరు, భర్త పేరు, ఇక్కడ ఏ పేటలో ఉండేదో, సుమారు ఏ సంవత్సరమో కావాలి. అనుమానం రాకుండా అడుగు. నీకు అలా అడగడం రాదని నాకు తెలుసు, అయినా ప్రయత్నించు.

నీ
చిట్టి

❖

ప్రియమైన చిట్టికి,

అడగడం రాదన్నావుగా. కనుక్కున్నాను. "నీకు జీతం పెంచాలనుకుంటున్నా, పుస్తకంలో వివరాలన్నీ రాసుకోవాలి" అన్నాను. నా ఇంట్లో పుస్తకం ఏదని అడగలేదు పాపం, గడగడా చెప్పేసింది. భర్త పేరు చెప్పేటప్పుడు మాత్రం గోడవైపు తిరిగింది. అన్నీ ఈ కాగితం వెనక షాపాయన చేత రాయించాను.

పిల్లలున్నారా అంటే "లేరు" అంది. కాసేపటికి తనే వచ్చి, "ఉన్నాడు, నా దగ్గర లేడు" అంది. రెండు మాటల్లో ఏది నమ్మను? నిన్న బొండాంగాడిని ఎత్తుకుని వీధి మలుపు దాకా వెళ్లింది. పావురాల్ని చూపించడానికట. నేను వెనకాలే పోయి గోడ చాటున నిలబడ్డాను. పావురాలు ఉన్నమాట నిజమే. కానీ చిట్టీ, నా ఇంట్లో నేను గోడ చాటున నిలబడే రోజు వచ్చింది. ఇలా ఎక్కువ కాలం బతకలేను. తొందరగా చూడు.

(రాస్తున్నవాడి మాట: నాకైతే ఆమె మంచిదిలాగే కనబడుతుంది. ఎప్పుడొచ్చినా మందు పేరు తప్పు చదవదు. అదే అనుమానించాల్సిన విషయమేమో కూడా తెలియదు.)

నీ అక్క

❖

ప్రియమైన అక్కకు,

ముందు గట్టిగా కూర్చుని విను. మీ ఊళ్లో విన్నమాట నిజం.

మధ్యాహ్నం అన్నం వేళ ఆఫీసు నుంచి కోర్టుకు పరుగెత్తాను. రికార్డు గదిలో ఒక పెద్దాయన, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలతో, నా అర్జీ అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పెళ్లి సంబంధమా అమ్మాయ్?"

"కాదండీ."

"ఇక్కడికి వచ్చేవాళ్లలో సగం మంది పెళ్లికొడుకుల కోసమే వస్తారు. మిగతా సగం పెళ్లయ్యాక వస్తారు. నువ్వు ఏ సగం?"

నేను నవ్వలేదు. పసిపిల్లల్ని చూసుకునే పని కోసం అని చెప్పాను. ఆయనా నవ్వు ఆపేసి పాత పట్టికలు తిరగేశాడు. పేరు, భర్త పేరు, పేట, అన్నీ సరిపోయాయి. నాలుగేళ్ల పిల్లవాడిని ఇంట్లోంచి చెప్పకుండా ఎత్తుకుపోయిందని ఫిర్యాదు. ఫిర్యాదు ఇచ్చింది ఆ ఇంటి ముసలావిడ. పిల్లవాడితో సహా బస్టాండులో దొరికింది. అరెస్టు. తర్వాత బెయిలు. వారం వారం స్టేషన్‌లో సంతకం పెట్టమన్నారు. కొన్నాళ్లు పెట్టి మానేసింది. ఆ పట్టికలో ఉన్నది అంతే. కేసు కట్ట వేరే బీరువాలో ఉందట, దాని నకలు రావడానికి రోజులు పడుతుందన్నాడు. అర్జీ పెట్టి వచ్చాను.

అక్కా, నకలు కోసం ఎదురుచూడవద్దు. పిల్లల్ని ఎత్తుకుపోయిన మనిషి చేతికి పిల్లల్ని ఇస్తున్నాం. ఆ మనిషిని ఇవాళే పంపించెయ్యి. ఏదో ఒక కారణం చెప్పు. ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పకు, షాపాయనను పక్కన పెట్టుకో.

నీ
చిట్టి

❖

ప్రియమైన చిట్టికి,

నీ ఉత్తరం అందింది. చదివించుకున్నాను. అందరం క్షేమం. పొడుగామె ఇక్కడే ఉంటుంది. ఇక వెతకనక్కర్లేదు.

నీ అక్క

❖

ప్రియమైన అక్కకు,

దీన్ని షాపుకే పంపుతున్నాను. షాపాయనా, మీరే స్వయంగా అక్క చెవిలో చదవండి.

నిన్న వచ్చిన ఉత్తరంలోని చేతిరాత పొడుగామెది. పాత ఉత్తరాలన్నీ పక్కన పెట్టి పోల్చి చూశాను. నా ఉత్తరం ఆమె చేతికి ఎలా పోయింది? "వెతకనక్కర్లేదు" అన్నది నువ్వు చెప్పిన మాటా, ఆమె రాసుకున్న మాటా? మా అక్క నాలుగు ముక్కల్లో ఉత్తరం ముగించే మనిషి కాదు. కోడి దగ్గినా రాయిస్తావు నువ్వు.

నువ్వు బాగున్నావని నాకు నమ్మకం కలగాలంటే ఒక్కటే దారి. మొదటిసారి బడికి పోనని నేను ఎక్కడ దాక్కున్నానో రాయించు. అది మనిద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. జవాబు రాకపోతే సెలవు పెట్టి బయలుదేరతాను. నకలు కోసం పెట్టిన అర్జీ మాత్రం వెనక్కి తీసుకోను. నువ్వు వద్దన్నా సరే.

నీ
చిట్టి

❖

ప్రియమైన చిట్టికి,

కోళ్లగంప కింద. వీపంతా కోళ్ల రెట్టలే. నేను లాగి, కడిగి, ఏడుస్తున్నదాన్ని ఏడుస్తుండగానే బడిలో పడేశాను. అందుకే ఇవాళ కోర్టుల చుట్టూ తిరిగే దానివయ్యావు. సరిపోయిందా?

ఈ ఉత్తరం రాస్తున్నది పొడుగామే. కళ్లు పెద్దవి చేసుకోకు, చివరిదాకా చదువు.

అరెస్టు సంగతి రాసిన నీ ఉత్తరం షాపాయన చదివి వినిపించగానే లేచాను. పంపించెయ్యాలనే ఇంటికి బయలుదేరాను. దారిలో ఒక ఆలోచన వచ్చింది. కోర్టు కాగితం సంగతి చిట్టి చూస్తుంది. మనిషి సంగతి నేను చూడాలి కదా. వెనక్కి వెళ్లి షాపాయన చేత కవరు మళ్లీ అంటింపజేశాను. మరునాడు పిల్లలు పడుకున్నాక, అప్పుడే వచ్చినట్టు ఆమె చేతికిచ్చి, "చెల్లి రాసింది, చదువమ్మా" అన్నాను. ఏ ముక్క మింగుతుందో, ఏ ముక్క మారుస్తుందో చూద్దామని. నీ ఉత్తరం నాకప్పటికే కంఠతా వచ్చు.

మొదలుపెట్టింది. తన పేరు దగ్గర ఆగలేదు. "అరెస్టు" దగ్గర ఆగలేదు. "ఆ మనిషిని ఇవాళే పంపించెయ్యి" అన్నచోట ఆగి, ఆ మాటే మళ్లీ మొదటినుంచి చదివింది. "నీ చిట్టి" దాకా చదివి, మడిచి నా చేతికిచ్చింది.

"జవాబు రాయమంటారా అక్కా?"

"నాకు చదువు రాదని తెలుసు కదా. నాలుగు ముక్కలు మింగేస్తే నాకేం తెలిసేది?"

"మింగొచ్చు. రేపు ఇంకోటి వస్తుంది. ఎన్నని మింగను?"

అప్పుడు చెప్పింది. ఆ నాలుగేళ్ల పిల్లవాడు ఆమె కొడుకే. కొట్టే మొగుడి దగ్గర్నుంచి కొడుకుని తీసుకుని పుట్టింటికి బయలుదేరితే అత్తగారు పిల్లాడి దొంగతనం అంటగట్టింది. బెయిలు మీద బయటికొచ్చాక మొగుడి అన్న ఎదురుపడి, "కేసు నడుస్తోంది. ఈ ఊళ్లో కనబడ్డావా, పిల్లాడి ముఖం చూశావా, మళ్లీ లోపలికే" అన్నాడట. సంతకాలు మానేసి పారిపోయి వచ్చింది. చొక్కా ఆ పిల్లాడిది. జీపు వచ్చినప్పుడల్లా తన కోసమే అనుకుంటుంది. ఆరోజు ఆమె మాటిమాటికీ కలం కింద పెట్టేస్తుంటే నీకు నాలుగు ముక్కలకన్నా రాయించలేకపోయాను.

కవలల తల్లికి ఉన్న సంగతి నేనే చెప్పాను. ఆమె పిల్లల్ని మాన్పించింది. మిగతావాళ్లు ఇంకా వస్తున్నారు. పొడుగామె తనే పోతానంటోంది, తన మూలంగా నా ఊయలలు ఖాళీ అవుతాయని. నేను ఆపుతున్నాను. ఎన్నాళ్లు ఆపగలనో తెలియదు.

నీ అక్క

(షాపువాడి మాట: పైన రాసినదంతా మీ అక్కయ్య చెప్పినదే, దగ్గరుండి విన్నాను. కాకపోతే ఆ కవరు అంటించింది నేనే. జిగురు కాస్త తడిగా ఉండిపోయింది. ఆమె అది కనిపెట్టే ఉన్నది ఉన్నట్టు చదివిందేమోనని నన్నొక పురుగు తొలుస్తోంది. మీరు మాత్రం నకలు తెప్పించండి.)

❖

ప్రియమైన అక్కకు,

ఈ ఉత్తరాన్ని షాపుకు పంపలేదు, ఇంటికే పంపాను. పొడుగామె చేతే చదివించుకో. ఇప్పటికే చదువుతూ ఉండాలి.

షాపాయన పురుగు నన్ను కూడా తొలిచింది. ఏడుపు కథలు ఎవరైనా చెప్పగలరు. అందుకే నకలు చేతికి వచ్చేవరకు నీకు ఒక్క అక్షరం రాయలేదు. నిన్న వచ్చింది. రికార్డు గది పెద్దాయన కట్ట విప్పి, కళ్లద్దాలు పైకి తోసుకుని, "ఇది చిన్న కట్టే అమ్మాయ్. మూడు కాగితాలకే చచ్చిపోయింది కేసు" అన్నాడు.

మొదటిది ఫిర్యాదు. రెండోది విచారణ చేసిన పోలీసు అధికారి జడ్జిగారికి ఇచ్చిన నివేదిక. పిల్లవాడు ఆమె కన్నకొడుకని, తల్లి కొడుకుని తీసుకుపోకూడదని ఏ కోర్టూ ఆజ్ఞ ఇవ్వలేదని, అందువల్ల ఇది నేరం కాదని అందులో ఉంది. మూడోది జడ్జిగారి ఆజ్ఞ. నివేదికను ఒప్పుకుని కేసు మూసివేశారు. తేదీ చూశాను. ఆమె ఈ ఊరు వదిలిన కొద్ది వారాలకే. బెయిలు షరతులు కూడా ఆరోజుతోనే పోయాయి. ఆ సంగతి తెలియజేస్తూ అత్తవారింటి చిరునామాకు కాగితం పంపారు. "ఈ ఇంట్లో లేరు" అని అది తిరిగి వచ్చింది. ఆ కవరు కూడా కట్టలోనే ఉంది. మొగుడి అన్న బెదిరించినప్పుడు కేసు ఉండే ఉంటుంది. ఆ తర్వాత లేదు. ఇన్నేళ్లుగా లేదు.

"ఆమె ఎందుకు అడగలేదు?" అని పెద్దాయన్ని అడిగాను.

"కేసు ఉన్నవాళ్లెవరూ ఇక్కడికి రారమ్మా, భయం. వాళ్ల గురించి తెలుసుకోవాలనుకునేవాళ్లే వస్తారు" అన్నాడు.

నేను అలా వచ్చినదాన్నే. సగం కాగితం చూసి పంపించెయ్యమన్నాను. చదువుకున్నది నేను, మొత్తం చదవకుండా తీర్పు చెప్పిందీ నేనే.

అక్కా, ఇక నుంచి మాటలు నీకు కాదు, చదువుతున్న ఆమెకు.

ముద్ర వేసిన నకలు ఈ కవరులోనే ఉంది. ముందు అది తీసి చూడండి. కవలల తల్లికి అక్క చూపించవచ్చు, మీకు ఇష్టమైతేనే. మీ బాబును చూడటానికి అనుమతి కోరుతూ ఇక్కడి కోర్టులో అడగవచ్చని వకీలుగారి గుమస్తా చెప్పాడు. ఎప్పటికి ఇస్తారో, ఇస్తారో లేదో నాకు తెలియదు, అబద్ధం చెప్పను. అడిగినందుకు మాత్రం మిమ్మల్ని ఎవరూ పట్టుకోరు. మీరు వచ్చిన రోజు బస్టాండుకు నేను వస్తాను.

ఇన్నాళ్లూ అక్క చెప్పినవి రాశారు, నేను రాసినవి చదివారు. ఈసారి జవాబు అక్కను అడగకుండా రాయండి. కింద మీ పేరు పెట్టండి.

మీ ఇద్దరి
చిట్టి