స్వర్గీయ భూమయ్య సోదర సంఘం

ఘాలా, మస్కట్

అమ్మా చిన్నవ్వ గారూ, నమస్కారాలు.

నేను లింబాద్రిని, పైన పేరున్న ఈ సోదర సంఘం కార్యదర్శిని. మీవారు భూమయ్యన్న ఇరవై ఏళ్ల కింద మా క్యాంపులోనే ఉండేవారట. ఆయన పోయారని తెలిసి పెట్టిన సంతాప సభలోనే మా సంఘం పుట్టింది. ప్రతి శుక్రవారం ఆయన పేరున ఒక నిమిషం మౌనంగా నిలబడతాం. కొత్తగా చేరేవాడు ఏ తోటివాణ్ణీ దిక్కులేకుండా వదలనని ఆయన మీద ఒట్టేస్తాడు. వచ్చే శుక్రవారం వార్షికోత్సవం, సంఘ చరిత్ర నేనే రాస్తున్నాను. అన్న ఫొటో ఒక్కటి కావాలి. సెలవు మీద వస్తున్న రఘుపతి చేత ఈ ఉత్తరం పంపుతున్నాను. జవాబు రాసి, దాన్ని వాట్సాప్‌లో పెట్టండి. ఫోన్ వద్దు, రూమ్‌లో అందరూ వింటారు.

మీ దుఃఖంలో పాలుపంచుకునే,
లింబాద్రి

తా.క. నవ్వుతున్న ఫొటో వద్దు. పోయినవాళ్లు నవ్వితే సభలో మర్యాద ఉండదు.

*

తమ్ముడు లింబాద్రికి,

చిన్నవ్వ నీ ఉత్తరం చదివి, నన్ను చూసి, మళ్లీ చదివింది. "నువ్వు సచ్చినవట. మరి పొద్దుగాల నన్ను రెండుసార్లు అన్నం అడిగినోడెవడు?" అంది. నేను సెలవు మీద వచ్చి తిరిగి రాలేదు, అంతే. నన్ను చంపిందెవరో వెంటనే కనుక్కో.

ఇంకా ఊపిరి తీసుకుంటున్న,
భూమయ్య

తా.క. ఏ జబ్బుతో పోయానో కూడా రాయి. చిన్నవ్వ అడుగుతోంది.

*

భూమన్నకు దండాలు.

కంటి మీద కునుకు లేదు. మా అధ్యక్షుడు గంగాధరం గారిని నీళ్ల ట్యాంకు వెనక్కి తీసుకెళ్లి అడిగాను. ఆయన ఏడ్చేశారు. "చెల్లె పెండ్లికి సెలవియ్యలే. భూమయ్యను బావను జేసి, సచ్చిండని కంపెనీల చెప్పిన. వాడెట్లాగూ తిరిగొస్తలేడు కదా అనుకున్న" అన్నారు. సెలవు ముగించుకుని వచ్చేసరికి క్యాంపంతా మీ కోసం ఏడ్చి సంఘం పెట్టేసిందట. ఇక నిజం చెప్పడానికి నోరు రాలేదట. మీ పేరు చెప్పుకునే మేము ఎందరినో ఆసుపత్రిలో కాచుకున్నాం, ఎన్నో శవాలను ఇళ్లకు చేర్చాం. జగిత్యాల వాళ్లూ నిర్మల్ వాళ్లూ కలిసి నిలబడేది ఆ ఒక్క నిమిషమే. నిజం తెలిస్తే సంఘం రెండు ముక్కలవుతుంది. దయచేసి శుక్రవారం దాకా బతికి ఉండకండి.

మీ కాళ్లు పట్టుకునే,
లింబాద్రి

తా.క. గుండెపోటు. పెద్దగా బాధపడలేదట.

*

లింబాద్రీ,

బతికున్న మనిషికి దండ వేస్తారా? శుక్రవారం వీడియో కాల్‌లో నేనే కనబడతాను. గంగాధరం అందరి ముందు నాకు క్షమాపణ చెప్పాలి. లేకపోతే ఊరుకునేది లేదు.

భూమయ్య

తా.క. అది సరే, సంతాప సభలో నా గురించి ఏమేం అన్నారు? వివరంగా రాయి. చిన్నవ్వకు చదివి వినిపించాలి.

*

భూమన్నా,

మీతో కొట్లాడినవాళ్లే ఎక్కువ ఏడ్చారట. వీడియో కాల్ మాత్రం వద్దు. గంగాధరం గారు రేపే విమానం ఎక్కుతున్నారు. నేరుగా మీ ఊరొచ్చి, పదిమందిలో శాలువా కప్పి, మీ కాళ్ల మీద పడతారట. ఎంత చెప్పినా వినడం లేదు.

దిక్కుతోచని,
లింబాద్రి

తా.క. ఈసారి సెలవుకు నిజమే చెప్పారట. కంపెనీ నమ్మలేదు. మళ్లీ మిమ్మల్నే చంపాల్సి వచ్చింది.

*

తమ్ముడూ,

ఉత్తరం ఇవాళే చూశాను. గంగాధరాన్ని ఆపు! అప్పట్లో నాకు మళ్లీ ఆ ఎండలోకి రాబుద్ధి కాలేదు. పెళ్లాన్ని విడిచి ఉండలేనని చెప్పుకోవడానికి సిగ్గేసింది. నా పక్క మంచం గంగాధరం పని చేస్తూ పై అంతస్తు నుంచి పడి నా ఒళ్లోనే పోయాడని, అందుకే భయమేస్తోందని చెప్పాను. ఊరంతా ఏడ్చింది. గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్లం ఆయన పేరున సంఘం పెట్టుకున్నాం. అధ్యక్షుణ్ణి నేనే. ఆయన ఫొటో మా ఇంటి గోడ మీదే ఉంది. పెత్రమాసకు చిన్నవ్వ మా పెద్దలతో పాటు ఆయన పేరునా బియ్యం ఇస్తుంది. నా ఫొటో పంపుతున్నాను, నవ్వడం లేదు. దండ వేసుకో. నేను ఒప్పుకున్నాను.

స్వర్గీయ,
భూమయ్య

తా.క. ఇక ఆపనక్కర్లేదు. బయట చిన్నవ్వ కేకేస్తోంది: "ఏవయ్యో, గోడ మీది గంగాధరం శాలువ వట్టుకొని వాకిట్ల నిలవడ్డడు!"