గుమ్మం దగ్గరి సుద్దగీత

ఏమండీ, పిల్లలు లేవగానే పాలు వేడిచేసి ఇవ్వండి. పెద్దాడి ఆన్‌లైన్ క్లాసూ, మీ మీటింగూ పదింటికే. ఫోను వాడికిచ్చి మీరు కంప్యూటర్ తీసుకోండి.

నేను ఆసుపత్రి నుంచి రాగానే పిల్లలు మీదపడకుండా లాక్‌డౌన్ మొదట్లో గుమ్మం దగ్గర గీత గీశాం కదా, దాన్ని ఇవాళ తడిగుడ్డతో తుడిచేయండి. నిన్న నేను వరండా బాత్రూంలో స్నానం చేసొచ్చి చేతులు చాపినా చిన్నది గీత దాటలేదు. "నువ్వు అక్కడే ఉండమ్మా, నేను మంచిపిల్లని" అంది. మీరు పకపకా నవ్వారు. నాకు రాత్రి ముద్ద దిగలేదు.

ఇంకో మాట. సాయంత్రం అది రాకపోతే ఎత్తుకొచ్చి నా ఒళ్ళో పడేయకండి. తనంతట తనే రావాలి. ఎంతసేపైనా కూర్చుంటాను.