ఒకసారికి ఒక్క మార్పు

ప్రియమైన పిండిబొమ్మకి,

ఫోన్ చేసుకుంటే రెండో నిమిషానికే అరుచుకుంటున్నాం. అందుకే ఈ ఉత్తరం రాసి, ఖాళీ బోర్డు సంచీలో పెట్టి తిరిగి పంపుతున్నాను.

నువ్వు చేసిన విండ్‌సర్ఫింగ్ బోర్డు నీళ్ల మీద దూసుకుపోతోంది. అందులో వంక పెట్టను. కానీ గాలి ముదిరితే నా మాట వినడం లేదు. తెరచాప నిండి పూర్తి వేగం అందుకోగానే కుడి అంచు పైకి లేస్తోంది. ఎడమ మలుపులో తోక జారిపోతోంది. స్లాలమ్ పందెమంటేనే నీటిలో తేలే గుర్తుల చుట్టూ మలుపులు తిరగడం కదా! మలుపుకోసారి నీళ్లలో పడేదానికి ఎంత వేగముంటే ఏం లాభం?

ఈ ఏడు ఇంక ఆఖరి పందెమే మిగిలింది. మొదటి నలుగురిలో ఉంటేనే జట్టులో చోటు. కాలు విరిగి ఇంట్లో కూర్చున్నది చాలు, మళ్లీ కూర్చోను. కోచ్ రోజూ "చీలమండ ఎలా ఉంది?" అంటాడు. "భేషుగ్గా ఉంది సార్" అంటాను. నువ్వు బోర్డు సంగతి చూడు.

ముక్కుకి గుడ్డ కట్టుకోకుండా ఆ దుమ్ములో పని చేశావో, వచ్చి చెవి మెలిపెడతాను.

నీ అక్క

*

ప్రియమైన అక్కకి,

నువ్వు పెట్టిన పేరుకి తగ్గట్టే ఉన్నాను. ఫోమ్ దిమ్మని గీకి గీకి కనుబొమ్మలు కూడా తెల్లబడ్డాయి. ముక్కుకి గుడ్డ ఉంది, చెవి జోలికి రాకు.

అంచు లేస్తోందంటే తోక నీకు వెడల్పు ఎక్కువైందన్నమాట. రెండు పక్కలా కొంచెం సన్నం చేసి ఇంకో బోర్డు తయారుచేశాను. దీపం పక్కనుంచి పెట్టి, నీడలు చూసుకుంటూ నున్నచేశాను. చేతికి తెలియని ఎత్తుపల్లాలు నీడలో దొరికిపోతాయి. వేగం కాస్త తగ్గుతుంది. ముందే చెబుతున్నాను, తర్వాత నా మీద ఎగరకు.

తోక తప్ప ఇంకేమీ ముట్టుకోలేదు. అడుగు వంపు అదే, తోక కింద నీటిని కోసే ఫిన్ అదే, పాదాలు దూర్చే పట్టీలు పాత చోటే. మన ఒప్పందం గుర్తుందిగా? ఒకసారికి ఒక్క మార్పు. రెండు మారిస్తే ఏది మేలు చేసిందో, ఏది కొంప ముంచిందో ఎవరికీ తెలియదు. నువ్వూ ఏదీ కదపకు.

నీ చెల్లి

*

ప్రియమైన చెల్లికి (ప్రేమ ఉంది కానీ, ఇవాళ పళ్లు కొరుకుతూ రాస్తున్నాను),

ఉన్న వేగం పోయింది. రావలసిన అదుపు రాలేదు. అంచు ఇంకా లేస్తూనే ఉంది. నిన్న నేను దగ్గరుండి మలుపులు నేర్పిన అమ్మాయే నన్ను దాటిపోయి, "అక్కా, బాగున్నావా?" అని చేయి ఊపింది. ఒళ్లు మండిపోయింది.

రెండు బోర్డులూ తిరిగి పంపుతున్నాను. మళ్లీ వెడల్పు తోకే పెట్టి, పూర్తి వేగంతో ఒకటి చేసివ్వు. అదుపు నేను చూసుకుంటాను. చేతకాదంటే చెప్పు, ఇంకొకరి దగ్గర కొనుక్కుంటాను.

అక్క

*

ప్రియమైన అక్కకి,

కొనుక్కో. కానీ ముందు ఇది చదువు.

రెండు బోర్డులూ బల్ల మీద పక్కపక్కన పెట్టాను. పైన కాలు జారకుండా గరుకు పూత వేస్తాను కదా, తోక దగ్గర, కుడి అంచు మీద ఒరిగి నిలబడినప్పుడు నీ ఎడమకాలు ఆనాల్సిన చోట అది కొత్తదానిలా ఉంది. అరిగింది దానికి లోపల, మధ్యకి దగ్గరగా. రెండింటి మీదా అంతే. పట్టీ మాత్రం బుద్ధిగా పాత చోటే ఉంది. మరలు విప్పి చూస్తే లోపలి రంధ్రాల్లో ఇసుక. పట్టీని లోపలికి జరుపుకుని వాడి, పంపేముందు మళ్లీ బయటికి బిగించావు. ఎవరి కళ్లు కప్పుదామని?

చీలమండ వంగడం లేదు కదూ?

కాలు లోపలికి జరిగితే అంచుని తొక్కిపట్టే బలం పోతుంది. లేవక ఏం చేస్తుంది? నువ్వు పట్టీ మార్చావు, నేను తెలియక తోక కోశాను. ఏ తప్పూ చేయని తోక అది.

నాకు ఏడుపొచ్చింది. బోర్డు గురించి కాదు. అంత నొప్పితో అంత వేగంలో నిలబడుతూ నాక్కూడా చెప్పలేదని.

ఇదిగో కొత్తది. తోక మొదటి బోర్డుదే. నీ ఎడమ పాదం ఆనే చోటల్లా పై ముఖాన్ని వాలుగా చెక్కాను. చీలమండ వంచకుండానే అంచు మీద బరువు పడుతుంది. కుడి పాదం చోట్లు మామూలే. అందుకని ఇది రెండు పక్కలా ఒకేలా ఉండదు. దూరం నుంచే తెలిసిపోతుంది, మీ కోచ్‌కి కూడా. కాలు సంగతి దాచుకోవాలంటే ఇది పనికిరాదు. నలుగురిలో నిలవాలంటే ఇదొక్కటే దారి.

నీళ్లలోకి దించుతావో, గోడకి ఆనిస్తావో నీ ఇష్టం.

నీ పిండిబొమ్మ

*

ప్రియాతిప్రియమైన పిండిబొమ్మకి,

సంచీ విప్పి చూసి నిన్ను నోటికొచ్చినట్టు తిట్టాను. తర్వాత ఎవరూ లేని చోటు చూసుకుని ఎక్కాను. ఎక్కిన కాసేపటికి తిట్టడం మానేశాను. అయినా పందెం రోజు దాకా దాన్ని గుడ్డ కప్పే ఉంచాను. ధైర్యం చాలలేదు.

ఆ రోజు పొద్దున నేనే గుడ్డ తీసి కోచ్ కాళ్ల ముందు పెట్టాను.

"ఇదేంటి, ఒక పక్క ఇలా చెక్కేశారు?"

"నా చీలమండ వంగదు సార్. అందుకని మా చెల్లి బోర్డునే నాకు తగ్గట్టు చేసింది."

"మరి ఇన్నాళ్లూ భేషుగ్గా ఉందన్నావు?"

"అబద్ధం చెప్పాను. నన్ను తీసేయాలనుకుంటే పందెం చూశాక తీసేయండి."

ఆయన వంగి ఆ వాలు మీద అరచేయి పెట్టి చాలాసేపు తడిమి చూశాడు. లేచి, దారి వదిలి పక్కకి తప్పుకున్నాడు.

గాలి విపరీతంగా ఉంది. ఆఖరి ఎడమ మలుపు వచ్చింది. కాలు నొక్కాను. అంచు దిగింది, తోక పట్టు వదల్లేదు. నేను నేర్పిన అమ్మాయి అక్కడే నా వెనకబడింది. ఈసారి చేయి నేనే ఊపాను. నాలుగోదాన్నయ్యాను చెల్లీ! కోచ్ నా పేరు రాసుకుంటూ, "ఇక మీదట కూడా రోజూ అడుగుతాను, నిజమే చెప్పాలి" అన్నాడు.

కాగితం తిప్పి చూడు. నా ఎడమ పాదం ఆనించి గీశాను. ఎంతవరకు వంగుతుందో, నొప్పి ఎక్కడ మొదలవుతుందో గుర్తులు పెట్టాను. పట్టీలు నువ్వు బిగించిన చోటే ఉన్నాయి. నీకు తెలియనిది ఇంకేమీ లేదు.

నా ముందు ఇంకా ముగ్గురున్నారు. ఒప్పందం ప్రకారం ఒక్కటే మార్చు. వేగం పెంచు.

నీ అక్క