తీగలు సాగే పెరుగు

మన్సూరాబాద్

అమ్మకు సంతోషి నమస్కారాలు. ఫోన్లో చెబితే నవ్వేసి మరిచిపోతావని కార్డు రాస్తున్నాను. నేను బాగానే ఉన్నాను. నా ఎమ్మెస్సీ ప్రాజెక్టును మాత్రం నిన్న జనం తినేశారు.

మనింటి తోడుతో పెద్ద గిన్నెడు తీగల పెరుగు తయారుచేసి, నీ ఆడబిడ్డ ముత్తమ్మత్త ఫ్రిజ్‌లో దాచాను కదా. సకలజనుల సమ్మె కదా, నిన్న దిల్‌సుఖ్‌నగర్‌లో నిరసనగా రోడ్డు మీదే వంటా వార్పు పెట్టారు. పాలు దొరకలేదని అత్త నా గిన్నె పట్టుకెళ్లి పెరుగన్నం కలిపేసింది. గరిటె పైకెత్తితే పోగుల్లా సాగింది. మన పోచంపల్లి వాళ్లు "గిదేంది, పెరుగా, పట్టుపోగా?" అని నవ్వి, మళ్లీ మళ్లీ వడ్డించుకున్నారు. అంత ఎండలోనూ పెరుగు నీళ్లు విడవలేదు. పెరుగులోని సూక్ష్మజీవులు చేసే జిగురే నీటిని పట్టి ఉంచుతుందని నేను మొదలుపెట్టగానే, "ముందుగాల తిను బిడ్డా, పాఠం తర్వాత చెప్పు" అంది అత్త. తిన్నాను. బాగుంది. అదే నా బాధ.

వచ్చే సోమవారం మా ప్రాజెక్టు మేడంకు ఆ పెరుగు చూపించాలి. పాడైందని నాయనమ్మ బర్రె కుడితిలో పోస్తున్నది ఈ పెరుగే. ఆమెను ఎలాగైనా ఆపు. శుభ్రమైన నూలుగుడ్డ ఆ పెరుగులో తడిపి, నీడలో ఆరబెట్టి, కవరులో పంపు; మళ్లీ తోడేయడానికి అది చాలు. బాపు మోకాలి నొప్పి తగ్గిందా? చెల్లి బడి తెరిచారా?

పెద్దలకు దండాలు, చెల్లికి ముద్దులు. కార్డు చేరేలోపే నాయనమ్మ కుండ కడిగేసి ఉంటే, బర్రె మూతి మాత్రం తుడవనీయకు. దానికంటిన ఆ కాస్త తోడు కోసం, బస్సులు లేకపోయినా నడిచొస్తాను.