అందరికీ అత్తగారి దవడే

చిరంజీవి బావమరిదికి బావ దీవెనలు.

ఫోన్ చేస్తే మీ అక్క వింటుంది, అందుకే ఉత్తరం. నా క్లినిక్ కోసం నువ్వు రాసిచ్చిన ప్రోగ్రాం వింతగా ఉంది. ఏ పేషెంటు ఎక్స్‌రే ఫైలు మీద డబుల్ క్లిక్ చేసినా అది తెరుచుకుంటుంది, కానీ కనిపించేది మాత్రం పైన పేరుతో సహా మీ అమ్మగారి దవడే. బేకరీ ఆయనకీ అదే, హెడ్మాస్టరుకీ అదే. ఆ కుడివైపు పన్ను పుచ్చి గుహలా ఉంది. పాపం అత్తగారు ఎలా ఓర్చుకుంటున్నారో. ఆదివారం పిలిపించి పీకేస్తాను.

ఇట్లు,
నీ పళ్ళ డాక్టరు బావ

తా.క.: ఆరేళ్ళ పాపకి జ్ఞానదంతం కనిపించింది. వాళ్ళమ్మ గర్వంగా వీధంతా చెప్పుకుంది.

*

బావగారికి నమస్కారాలు.

తప్పు నాదే. డబుల్ క్లిక్ చేయగానే మీకు ఏ ఫైలు కావాలో కంప్యూటరు నా ప్రోగ్రాంకి చెబుతుంది. అది చెవిన పెట్టకుండా, నేను పరీక్ష కోసం తెరిచిన ఫైలునే పట్టుకు వేలాడుతోంది. సరిచేసి కొత్తది పంపాను.

అమ్మ పన్ను మాత్రం పీకకండి. తను భయస్తురాలు. వేడినీళ్ళు పుక్కిలిస్తే తగ్గుతోంది.

ఇట్లు,
మీ బావమరిది

తా.క.: చల్లనీళ్ళు తగిలితే మాత్రం ప్రాణం పోతోంది. పోతోందిట.

*

చిరంజీవికి,

నీ కొత్తది కొంప ముంచింది. ఎవరి దవడ వాళ్ళకి వస్తోంది, సంతోషమే. కానీ క్లిక్ చేసిన ప్రతిసారీ ఒక కొత్త విండో. సాయంత్రానికి తెర నిండా దవడలు. ఏది ఎవరిదో తెలియక హెడ్మాస్టరు మంచి పన్నుకి పట్టకారు వేశాను. ఆయన అరిచాడు కాబట్టి సరిపోయింది.

పైగా క్లినిక్ కంప్యూటర్లో ఉన్న మా ఇంటి ఫోటోలన్నీ నీ ప్రోగ్రాంలోనే తెరుచుకుంటున్నాయి. మీ అక్క మా పెళ్ళి ఫోటో మీద డబుల్ క్లిక్ చేస్తే, పుచ్చు పళ్ళకి గీసినట్టే అది నా మొహం చుట్టూ ఎర్రగా గీత గీసి, 'పుచ్చినది, తీసేయడం మంచిది' అని చూపించింది.

తల్లి మీద ప్రేమ ఉండాల్సిందే గానీ మరీ ఇంత మెతకదనం పనికిరాదు. అత్తగారికి కబురు పెట్టాను.

ఇట్లు,
పుచ్చిన బావ

తా.క.: మీ అక్క దాన్ని ప్రింటు తీయించి వంటింట్లో అంటించింది.

*

బావగారికి, కాళ్ళావేళ్ళా పడి రాస్తున్నది.

అన్నీ ఒకే విండోలో తెరుచుకునేలా, ఎక్స్‌రేలు తప్ప ఇంకేదీ ముట్టుకోకుండా మార్చి పంపాను. అమ్మని వదిలేయండి. ఆ ఫైలు చెరిపేస్తే గొడవే ఉండదు.

ఇట్లు,
మీ బావమరిది

తా.క.: పీకేటప్పుడు నిజంగా అంత నొప్పి ఉంటుందా? అమ్మ అడగమంది.

*

బావమరిదికి,

ప్రోగ్రాం ఇప్పుడు లక్షణంగా పనిచేస్తోంది. అత్తగారి పేరున్న ఫైలు మీద డబుల్ క్లిక్ చేస్తే ఆ పుచ్చు దవడే తెరుచుకుంది. ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టి నోరు తెరవమన్నాను. ఆవిడ నా వంక జాలిగా చూసి, పై వరుసా కింది వరుసా తీసి నా చేతిలో పెట్టారు. కట్టుడు పళ్ళు. కాబోయే అల్లుడు పళ్ళ డాక్టరని తెలిసి, పెళ్ళికి ముందే వేరేచోట కట్టించుకున్నారట.

మరి ఆ దవడ ఎవరిదని నర్సుని అడిగాను. మెషీను పరీక్షకని నువ్వే కూర్చుని తీయించుకున్నావని చెప్పింది. నువ్వు దానికి అమ్మ పేరు పెట్టావు. "చిన్నప్పుడు పలక పగలగొట్టినా వాడు నా పేరే చెప్పేవాడు" అన్నారు అత్తగారు.

ఇన్నాళ్ళూ ఆ నొప్పి దాచుకున్నావని తెలిసి కోపం వచ్చింది, బాధా వేసింది. సోమవారం వచ్చెయ్యి.

ఇట్లు,
పట్టకారుతో నీ బావ

తా.క.: తలుపు రెండుసార్లు కొట్టక్కర్లేదు. ఒక్కసారి తడితే మీ అక్క తెరుస్తుంది. నువ్వు లోపలికొచ్చాక గడియ పెట్టేది కూడా తనే.