పదో మనిషి

తమ్ముడికి,

ముప్పై ఏళ్ళ క్రితం ప్రెస్సువాళ్ళు నన్ను ఉద్యోగంలోంచి తీసేసినప్పుడు, కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్తానని మాటిచ్చి రాలేదు నువ్వు. ఫోన్ చేస్తే నీ గొంతు వినాలి. అందుకే ఈ ఉత్తరం.

పోయిన నెల మీ వదినా నేనూ కరోనా టీకాకి వెళ్ళాం. సీసా తెరిస్తే పదిమందికీ వేసెయ్యాలట, లేకపోతే మిగిలిన మందు పారబోయాలట. మేము తొమ్మిదిమందిమే ఉన్నాం.

"ఇంకొక్కరిని పిలవండి తాతగారూ, అందరికీ వేసేస్తాను" అంది నర్సు.

"మరిదికి ఫోన్ చెయ్యండి. రెండు వీధుల అవతలేగా!" అంది మీ వదిన.

"వాడా? వస్తానంటాడు, రాడు."

"ఎన్నాళ్ళండీ ఈ పంతం? పోనీ నేను చేస్తా, ఇటివ్వండి" అని చెయ్యి చాపింది. నేను ఫోన్ జేబులో పెట్టుకున్నాను. నాలుగింటికి నర్సు సీసా తెరవకుండానే పెట్టె మూసేసింది. ఆ తర్వాత ఎప్పుడు వెళ్ళినా మందు నిండుకుందన్నారు.

ఇప్పుడు మీ వదిన ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉంది. పరీక్షలో నాకు లేదని తేలినా, పద్నాలుగు రోజులు గడప దాటొద్దన్నారు. ఆమె కళ్ళజోడు ఇంట్లోనే ఉండిపోయింది. అది లేకపోతే ఎదురుగా నిలబడ్డదెవరో కూడా తెలీదు ఆమెకు. పక్కింటాయన ఆసుపత్రి వైపు పోనన్నాడు, నీ గుమ్మం దాకా తెస్తానన్నాడు. వార్డు దగ్గర ఇచ్చిరా. ఈసారైనా వెళ్ళు.

ఇన్ని పుస్తకాలు చదివినవాణ్ణి, ఎన్నిసార్లు తిరగేసినా నాకు ఒకటే తేలుతోంది. నువ్వు ఆనాడు వచ్చి ఉంటే, మొన్న నేను ఫోన్ చేసేవాణ్ణి. తప్పెవరిదని మీ వదినను మాత్రం అడగలేదు. ఏం చెప్తుందోనని భయం. నేను ఇప్పటికీ తప్పు నీదే అంటాను, తమ్ముడూ.